218వ ర్యాంకు ఖరీదెంత?

మనలో ఎవరికైనా ఎంసెట్‌లో 218వ ర్యాంకు వచ్చిందనుకోండి. కోచింగ్ సెంటర్ వాళ్ళు మర్నాడు పేపర్లో ఫొటో వేస్తారు. ఊళ్ళో ఫ్లెక్సీ కడతారు. ఇంటికొచ్చిన చుట్టాలకి అమ్మ ముందు ర్యాంకు చెప్పి, ఆ తర్వాత మంచినీళ్ళు ఇస్తుంది. ఇదంతా ఒక్క రాష్ట్రంలో, ఒక్క పరీక్షలో వచ్చిన ర్యాంకుకి.

అదే 218ని ప్రపంచం మొత్తానికి పెట్టి చూడండి. బల్గేరియాకి చెందిన అలెక్సాండ్రినా నైదెనోవా 2018 ఫిబ్రవరిలో మహిళల టెన్నిస్ సింగిల్స్‌లో ప్రపంచ 218వ ర్యాంకుకి చేరింది. భూమ్మీద రాకెట్ పట్టిన ఆడవాళ్ళందరిలో ఆమె కంటే బాగా ఆడేవాళ్ళు 217 మందే అని దానర్థం. ఆమె ఎక్కిన ఎత్తు అదే, అంతకు పైకి వెళ్ళలేదు. 2020లో టెన్నిస్ ఆమెని జీవితాంతం నిషేధించింది. 2015 నుంచి 2019 మధ్య పలుమార్లు మ్యాచ్ ఫిక్సింగ్‌కి పాల్పడిందని విచారణలో తేలింది. 1,50,000 డాలర్ల జరిమానా కూడా పడింది. ఇక ఆమె ఆడకూడదు, కోచింగ్ ఇవ్వకూడదు, ఏ టోర్నమెంటు ప్రాంగణంలోకీ అడుగు పెట్టకూడదు.

ఆ వార్త మన పేపర్లలో వచ్చి ఉంటే ఆటల పేజీ అడుగున నాలుగు లైన్లు వచ్చి ఉంటుంది. చదివినవాడు "దొంగ దొరికింది" అనుకుని పేజీ తిప్పేస్తాడు. నా అభిప్రాయం ఒకటే. ఆ శిక్ష సరైనదే, కానీ కథ అక్కడితో ఆపేయడం మాత్రం సరికాదు. టెన్నిస్ అనే భవనంలో కింది అంతస్తుని తప్పు జరగడానికి వీలుగా కట్టారు. కట్టినవాళ్ళకి ఏ శిక్షా లేదు. ఆ అంతస్తుకి కరెంటు బిల్లు కడుతున్నవాళ్ళలో మనలాంటి వాళ్ళ ఫోన్లు కూడా ఉన్నాయి.

ప్లోవ్‌దివ్ నుంచి

బల్గేరియా చిన్న దేశం. 2021 జనాభా లెక్కల ప్రకారం 65 లక్షల మంది. మన రెండు రాష్ట్రాల జనాభాలో పదో వంతు కూడా ఉండదు. అయినా టెన్నిస్‌లో ఆ దేశానికి పెద్ద పేరే ఉంది. యూలియా బెర్బెర్యాన్ అనే తల్లి తన ముగ్గురు కూతుళ్ళకీ తానే ఆట నేర్పింది. మాన్యువెలా, కాతెరీనా, మాగ్దలెనా అనే ఆ మలేవా అక్కచెల్లెళ్ళు ముగ్గురూ ఏదో ఒక సమయంలో ప్రపంచ టాప్ 10లో ఉన్నవాళ్ళే. హాస్కోవో అనే ఊరి నుంచి వచ్చిన గ్రిగోర్ దిమిత్రోవ్ 2017లో ఏటీపీ ఫైనల్స్ గెలిచి ప్రపంచ 3వ ర్యాంకుకి చేరాడు.

నైదెనోవా పుట్టింది ప్లోవ్‌దివ్‌లో, 1992 ఫిబ్రవరి 29న. ఆ దేశంలో సోఫియా తర్వాత పెద్ద నగరం అదే. అదే ఊళ్ళో ఐదేళ్ళ ముందు పుట్టిన త్స్వెతానా పిరొంకోవా 2010లో వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్లో వీనస్ విలియమ్స్‌ని ఓడించి సెమీస్‌కి వెళ్ళింది. తల్లయ్యాక మూడేళ్ళు ఆటకి దూరంగా ఉండి, 2020లో తిరిగొచ్చి యూఎస్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్ ఆడింది. మోటివేషన్ వీడియో చేయాలంటే పిరొంకోవా కథ చాలు, సంగీతం కూడా అక్కర్లేదు. కానీ ఒక దేశం నుంచి పిరొంకోవా ఒకరు వస్తే, రాకెట్ పట్టుకుని బస్సులూ విమానాలూ ఎక్కి దిగే మిగతావాళ్ళు ఎంతోమంది ఉంటారు. వాళ్ళ గురించి మనకి తెలిసేది ఇలాంటి తీర్పు వచ్చిన రోజే.

కింది అంతస్తు లెక్కలు

మనకి టీవీలో కనిపించే టెన్నిస్ అంటే నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు, ఇంకొన్ని పెద్ద టోర్నమెంట్లు. గ్రాండ్‌స్లామ్ అసలు డ్రాలోకి నేరుగా వెళ్ళాలంటే ర్యాంకు సుమారు 100 లోపల ఉండాలి. 218 దగ్గర ఉన్నవాళ్ళు అర్హత పోటీలు ఆడాలి. ఏడాదిలో మిగతా రోజులన్నీ అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నడిపే చిన్న టోర్నమెంట్లే దిక్కు. మనం దాన్ని ఐటీఎఫ్ అందాం.

ఆ టోర్నమెంట్లలో అన్నిటికంటే కింద ఉండేవి 15 వేల డాలర్లవి. టర్కీలో అంతాల్యా, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్, ట్యునీషియాలో మొనాస్టీర్ లాంటి చోట్ల సముద్రం ఒడ్డు రిసార్టుల్లో ఇవి వారం తర్వాత వారం జరుగుతూనే ఉంటాయి. ఊరి పేర్లు వింటే హనీమూన్ ప్యాకేజీలా ఉంటాయి కానీ, కోర్టు పక్కన చూసేవాళ్ళు ఉండరు. ఓడినవాళ్ళు, తర్వాత ఆడాల్సినవాళ్ళు, ఒక కోచ్, ఒక పిల్లి.

15 వేలు అనేది ఒక్కరికిచ్చేది కాదు, టోర్నమెంటు మొత్తానికి. నైదెనోవా ఆడిన ఆ ఏళ్ళలో మహిళల 15 వేల డాలర్ల టోర్నమెంటు సింగిల్స్ గెలిస్తే సుమారు 2,350 డాలర్లు వచ్చేవి. మొదటి రౌండులోనే ఓడితే 150 డాలర్ల లోపే. విమానం టికెట్, హోటల్, తిండి, రాకెట్ తీగలు బిగించే ఖర్చు, బట్టలు ఉతికించుకునే ఖర్చు అన్నీ ఆటగాళ్ళవే.

ఐటీఎఫ్ తానే ఒక అధ్యయనం చేయించింది. 2013 లెక్కల ప్రకారం, ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో ఆడిన సుమారు 14 వేల మందిలో దాదాపు సగం మందికి బహుమతి డబ్బు ఒక్క డాలరు కూడా రాలేదు. ఒక మహిళా క్రీడాకారిణి ఏడాదంతా తిరిగి ఆడటానికి సగటు ఖర్చు 40,180 డాలర్లు. ఇందులో కోచ్ జీతం కలపలేదు. వచ్చేదీ పోయేదీ సరిపోయే గీత మహిళల్లో 253వ ర్యాంకు దగ్గర, పురుషుల్లో 336వ ర్యాంకు దగ్గర తేలింది.

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఒక చిన్న భాగహారం చేద్దాం. 40,180ని 2,350తో భాగిస్తే 17 దాటుతుంది. అంటే ఏడాదిలో 17 టోర్నమెంట్లు గెలిచినా ఆ ఖర్చు పూర్తిగా తీరదు. వరసగా 17 గెలవడం కాదు, నాలుగైదు గెలవడమే గొప్ప విషయం. మరి 218? కోచ్‌ని పక్కన పెడితే ఆ గీతకి కాస్త పైన. కోచ్‌ని పెట్టుకుంటే కింద. ప్రపంచంలో ఒక పనిని 218వ స్థానంలో చేసే మనిషికి ఆ పని అన్నం పెట్టేదీ లేనిదీ కోచ్‌ని పెట్టుకోవడం మీద ఆధారపడి ఉంది.

అదే ఆటలో పై అంతస్తు చూడండి. 2019 యూఎస్ ఓపెన్ సింగిల్స్‌లో మొదటి రౌండులో ఓడినవాళ్ళకి 58,000 డాలర్లు, విజేతకి 38,50,000 డాలర్లు. పైన ఒక్క ఓటమికి వచ్చే డబ్బు కింద ఏడాది ఖర్చుకి మించిపోయింది. పైనున్నవాళ్ళకి ఎక్కువ రావడం తప్పని నేననను. వాళ్ళని చూడటానికే జనం టికెట్ కొంటారు. నా ప్రశ్న కిందది.

ఎవరూ చూడని మ్యాచ్‌ని ఎవరు కొంటున్నారు?

చూసేవాళ్ళే లేని మ్యాచ్‌కి విలువ ఎలా వస్తుంది? ఇక్కడే అసలు సంగతి ఉంది.

ఆ మ్యాచ్‌లో అంపైర్ చేతిలో ఒక చిన్న పరికరం ఉంటుంది. ప్రతి పాయింటుకీ ఆయన దాని మీద నొక్కుతాడు. కొన్ని సెకన్లలో ఆ స్కోరు ప్రపంచమంతా ఉన్న బెట్టింగ్ కంపెనీలకి చేరుతుంది. మొనాస్టీర్‌లో పిల్లి మాత్రమే చూస్తున్న మ్యాచ్ మీద ఇంకో ఖండంలో ఎవడో తన ఫోన్లో, తర్వాతి గేమ్ ఎవరిది అని పందెం కాస్తాడు. టెన్నిస్ ఏడాది పొడుగునా ఉంటుంది, ఏ సమయంలో చూసినా ఎక్కడో ఒకచోట మ్యాచ్ నడుస్తూనే ఉంటుంది. బెట్టింగ్ వ్యాపారానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ లైవ్ స్కోర్లని ఐటీఎఫ్ 2012లో స్పోర్ట్‌రాడార్ అనే డేటా కంపెనీకి అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత ఆ ఒప్పందాన్ని ఐదేళ్ళకి 7 కోట్ల డాలర్లకి పొడిగించింది. ఏడాదికి 1 కోటి 40 లక్షల డాలర్లు. 15 వేల డాలర్ల టోర్నమెంట్లు తొమ్మిది వందలకు పైగా నడపటానికి సరిపోయే బహుమతి సొమ్ము అది. అమ్ముడుపోతున్నది ఆటగాళ్ళ ఆట. మొదటి రౌండులో ఓడిన అమ్మాయి చేతికి వచ్చేది మాత్రం ఆ 150 డాలర్ల లోపు చెక్కు.

ఇప్పుడు ఫిక్సర్ వైపు నుంచి ఆలోచించండి. క్రికెట్‌లో అయితే పదకొండు మంది ఉంటారు, ఒకణ్ణి కొన్నా మ్యాచ్ మీ చేతిలో ఉండదు. టెన్నిస్ సింగిల్స్‌లో ఒక్క మనిషి చాలు. మ్యాచ్ మొత్తం ఓడిపోనక్కర్లేదు కూడా. "రెండో సెట్‌లో నీ మొదటి సర్వీస్ గేమ్ వదిలెయ్, మ్యాచ్ నువ్వే గెలుచుకో" అంటే చాలు, పందెం వేసేవాడికి పని అయిపోతుంది. రెండు డబుల్ ఫాల్టులు, ఒక షాట్ నెట్‌కి. అలసిపోయిన మనిషి రోజూ చేసే తప్పులే అవి. చూసి కనిపెట్టడం ఎవరి వల్లా కాదు.

బెల్జియంలో గ్రిగోర్ సర్గ్‌స్యాన్ అనేవాడు సరిగ్గా ఈ పనే చేశాడు. అతని వలలో 30కి పైగా దేశాలకి చెందిన 180 మందికి పైగా ఆటగాళ్ళు ఉన్నట్టు దర్యాప్తులో బయటపడింది. 2023లో బెల్జియం కోర్టు అతనికి ఐదేళ్ళ జైలుశిక్ష వేసింది. అతను వెతికింది పేరున్నవాళ్ళ కోసం కాదు. డబ్బుకి కటకటలాడుతున్న కింది అంతస్తువాళ్ళ కోసం.

ఇదంతా టెన్నిస్ పెద్దలకి తెలియదా అంటే, బాగా తెలుసు. 2016లో వాళ్ళే ఒక స్వతంత్ర సమీక్ష కమిటీ వేశారు. ఆడమ్ లూయిస్ అనే బ్రిటిష్ న్యాయవాది దానికి అధ్యక్షుడు. 2018లో నివేదిక వచ్చింది. కమిటీ ప్రశ్నలకి జవాబిచ్చిన 3,200 మందికి పైగా ఆటగాళ్ళలో 464 మంది మ్యాచ్ ఫిక్సింగ్ గురించి తమకి ప్రత్యక్షంగా తెలుసన్నారు. ప్రొఫెషనల్ అని చెప్పుకునేవాళ్ళు సుమారు 15 వేల మంది ఉంటే, ఖర్చులు రాబట్టుకోగలిగేది పైన ఉన్న 250 నుంచి 350 మందేనని కమిటీ రాసింది. లైవ్ స్కోర్ల అమ్మకం సమస్యని పెంచిందని చెప్పి, 15 వేల డాలర్ల స్థాయిలో ఆ అమ్మకం ఆపేయమని సిఫారసు చేసింది.

ఒక్కసారి వరస చూడండి. నైదెనోవా మీద రుజువైన తప్పులు 2015 నుంచి 2019 మధ్యవి. అవే ఏళ్ళలో ఈ వ్యవస్థలో రంధ్రం ఎక్కడుందో కాగితం మీద రాసి మరీ పెద్దల చేతికిచ్చారు. ఆమెకి జీవితకాల నిషేధం పడింది. రంధ్రం పెట్టిన ఒప్పందం మీద సంతకం చేసినవాళ్ళకి ఏం పడింది?

"మిగతావాళ్ళు చేయలేదు కదా?"

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. అదే గీత దగ్గర నిలబడి, అవే 150 డాలర్ల చెక్కులు తీసుకుని, ఎవరి ఫోనూ ఎత్తకుండా ఆడినవాళ్ళు వేలమంది. వాళ్ళలో ఎవరో నైదెనోవా ఎదుటి కోర్టులో నిలబడి నిజాయితీగా ఆడారు. ఫిక్స్ అయిన మ్యాచ్‌లో గెలిచిన అమ్మాయి కూడా మోసపోయినట్టే, తన గెలుపు నిజమో కాదో ఆమెకి ఎప్పటికీ తెలియదు. అందుకే శిక్ష సరైనదేనని మొదటే అన్నాను. పేదరికం ఒక కారణం కావచ్చు, సాకు కాకూడదు.

కానీ ఆ వేలమంది నిజాయితీని మనం ఎంత చవగ్గా వాడుకుంటున్నామో చూడండి. మనకి దగ్గరి ఉదాహరణే ఉంది. 2023 సెప్టెంబరులో మన దేశంలో నంబర్ వన్ ఆటగాడు సుమిత్ నాగల్ తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలు మాత్రమే మిగిలాయని చెప్పాడు. ఉద్యోగం జీతం, బహుమతి డబ్బు, దాతలిచ్చింది అన్నీ ఆటలోనే పెట్టేశాడు. నాలుగు నెలలకి, 2024 జనవరిలో, ఆస్ట్రేలియన్ ఓపెన్ అర్హత పోటీలు గెలిచి, మొదటి రౌండులో 31వ సీడ్ బుబ్లిక్‌ని ఓడించాడు. మనమందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. కష్టపడితే ఫలితం ఉంటుంది అని రాసుకున్నాం.

నాగల్ కష్టానికి ఏ పేరు పెట్టినా తక్కువే. కానీ ఆ మ్యాచ్ ఓడిపోయి ఉంటే? అతని కష్టంలో గవ్వంత కూడా తేడా ఉండేది కాదు. స్టేటస్‌లు మాత్రం ఉండేవి కావు. గెలిచినవాడి 900 యూరోలు మనకి స్ఫూర్తి కథ. గెలవనివాడి 900 యూరోలు ఎవరికీ పట్టని లెక్క. స్ఫూర్తి కథలతో నాకున్న పేచీ ఇదే. అవి అబద్ధాలు కాదు. కానీ అవి విన్నాక, ప్రపంచంలో 159వ వాడి ఖాతా ఎందుకు ఖాళీగా ఉందని అడగాల్సిన మనం, వాడెలా పైకొచ్చాడు అని మాత్రమే అడుగుతాం.

ఇంకో వాదన కూడా ఉంది. స్కోర్లు అధికారికంగా అమ్మకపోతే, ప్రేక్షకుల్లో కూర్చుని ఫోన్లో స్కోరు పంపే దొంగలు తయారవుతారని, అప్పుడు అనుమానాస్పద పందేలని కనిపెట్టడం ఇంకా కష్టమని. దీంట్లో కొంత నిజముంది. కానీ ప్రేక్షకులే లేని కోర్టు పక్కన కూర్చుని వారానికి వందల మ్యాచ్‌ల స్కోర్లు పంపడానికి ఎంతమంది దొంగలు కావాలి? అలా పంపినా, ఆటని నడిపే సంస్థే తన చేత్తో బజారుకి తీసుకెళ్ళడం, దొంగ ఎత్తుకెళ్ళడం రెండూ ఒకటి కావు.

చేయగలిగింది ఉంది

ఇది మార్చలేని ప్రకృతి ధర్మమేమీ కాదు. పురుషుల టూర్ నడిపే ఏటీపీ 2023లో ఒక పథకం ప్రకటించింది. 2024 సీజన్ నుంచి టాప్ 100లో ఉన్నవాళ్ళకి ఏడాదికి కనీసం 3 లక్షల డాలర్లు, 101 నుంచి 175 వరకు లక్షన్నర, 176 నుంచి 250 వరకు 75 వేలు. వచ్చిన బహుమతి డబ్బు అంతకంటే తగ్గితే, ఆ తేడా ఏటీపీ ఇస్తుంది. అంటే 218వ ర్యాంకుకి ఒక నేల ఉండొచ్చని ఆ సంస్థే ఒప్పుకుంది. నైదెనోవా వయసు అమ్మాయిలు ఆ కింది అంతస్తులో తిరిగిన రోజుల్లో వాళ్ళ కాళ్ళ కింద అలాంటి నేల లేదు. ఆ పథకం కూడా 250 దగ్గర ఆగిపోతుంది. 15 వేల డాలర్ల టోర్నమెంట్లలో ఆడేవాళ్ళలో ఎక్కువమంది దానికి చాలా దూరంలో ఉంటారు.

అందుకని నా మాట: కింది స్థాయి మ్యాచ్‌ల స్కోర్లు బెట్టింగ్‌కి అమ్మకండి. అమ్మి తీరాలనుకుంటే, ఆ డబ్బు ముందుగా ఆ మ్యాచ్ ఆడినవాళ్ళకే చేరాలి. రెండూ కుదరవంటే, ప్రతి తీర్పు కింద ఆటగాడి పేరుతో పాటు ఆ మ్యాచ్ స్కోరు ఎంతకి అమ్ముడుపోయిందో కూడా రాయండి.

ఇక మన సంగతి. ఆన్‌లైన్ బెట్టింగ్‌ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లని ప్రచారం చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినిమావాళ్ళ మీద హైదరాబాద్‌లో కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అయినా ఏ హాస్టల్‌కి వెళ్ళినా, టెలిగ్రామ్‌లో లింకు దొరికిందనేవాడు ఒకడుంటాడు. ఐపీఎల్ అయిపోతే వాడు ఖాళీగా కూర్చోడు. అర్ధరాత్రి రెండింటికి ఏ మ్యాచ్ నడుస్తుంటే దాని మీద రెండొందలు పెడతాడు. ఆ టైములో నడిచేది చాలాసార్లు టెన్నిసే. ఆడుతున్న అమ్మాయిల పేర్లు పలకడం కూడా వాడికి రాదు.

"రెండొందలే కదా మామా" అంటాడు. అలాంటి రెండొందలు కొన్ని లక్షల ఫోన్ల నుంచి వస్తాయి కాబట్టే ఆ స్కోరుకి ధర వచ్చింది. ధర ఉంది కాబట్టే ఫిక్సర్ వచ్చాడు. ఫిక్సర్ వచ్చాడు కాబట్టే, ఎక్కడో హోటల్ గదిలో రేపటి టికెట్‌కి డబ్బులెలా అని లెక్కలేసుకుంటున్న 218కో 318కో ఫోన్ మోగింది. ఎత్తినవాళ్ళ తప్పు ఎత్తినవాళ్ళదే. ఆ ఫోన్ చేయించిన డబ్బులో మనవాడి రెండొందలు కూడా ఉన్నాయి.

నైదెనోవా జరిమానా 1,50,000 డాలర్లు. మొదటి రౌండు ఓటమి చెక్కులతో అది కట్టాలంటే వెయ్యి మ్యాచ్‌ల పైనే ఓడిపోవాలి. ఆమెకి ఇక ఓడిపోవడానికి కూడా వీల్లేదు. ఆ కోర్టుల మీద మాత్రం ఈ వారం కూడా డ్రా తీస్తారు, ముప్ఫై రెండు మంది అమ్మాయిలు ఆడతారు, మొదటి రౌండు కాగానే వాళ్ళలో పదహారు మంది చెక్కు తీసుకుని ఇంకో ఊరికి టికెట్ వెతుక్కుంటారు. వాళ్ళు మనకి స్ఫూర్తినివ్వనక్కర్లేదు. వాళ్ళ ఆట మీద మన పందెం లేకపోతే చాలు.